పశువుల మేతకు ఎండుగడ్డి ముక్కలు కొట్టడం, గింజలు తోలడం: ఎలా చేయాలి?

పొడుగాటి ఎండుగడ్డిని గాడిలో వేసినప్పుడు పశువు ఏం చేస్తుందో కాసేపు నిలబడి చూడండి. మూతితో కెలికి, ఆకు ఉన్న చోట ముందు తింటుంది. ముతక కాడలను కాళ్ల కిందకు నెట్టేస్తుంది. బూజు వాసన తగిలిన పరకను పక్కకు తోస్తుంది. అదే గడ్డిని ముక్కలు కొట్టి, గింజల నూకతో కలిపి పెడితే వృథా బాగా తగ్గుతుంది, కాడ కూడా కడుపులోకి పోతుంది. కానీ ఏరుకునే వీలు పశువుకు ఇక ఉండదు. మంచీ చెడూ కలిపి మింగేస్తుంది. ఇన్నాళ్లూ దాని మూతి చేసిన పని ఇకమీదట మీ చెయ్యి చేయాలి. కట్ట విప్పడం దగ్గర్నుంచి గాడిలో పోసేదాకా ప్రతి పనిలోనూ ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ముక్కలు కొట్టినంత మాత్రాన గడ్డిలో లేని బలం రాదు. నాసిరకం గడ్డి ముక్కలైనా నాసిరకమే. ముక్కలు కొట్టడం వల్ల మనకు దక్కేవి రెండు: తొక్కిపారేసే గడ్డి మిగులుతుంది, దాణా సమంగా కలుస్తుంది.

ముందు లెక్క వేసుకోండి

పశువు రోజుకు తన బరువులో 2 నుంచి 3 శాతం దాకా పొడి పదార్థం తింటుంది. 500 కిలోల పశువుకు అది 10 నుంచి 15 కిలోలు. ఎండుగడ్డిలో నూటికి 85–90 పాళ్లు పొడి పదార్థమే ఉంటుంది, మిగతాది తేమ. తలకు రోజుకు 8 కిలోల గడ్డి పెడుతున్నారనుకుంటే 10 పశువులకు వారానికి 560 కిలోలు కావాలి. గాలికి పోయేదీ అడుగున మిగిలేదీ కలుపుకుని 600 కిలోలు కొడితే సరిపోతుంది.

నెలకు సరిపడా ఒకేసారి కొట్టి పోసుకుందామని ఆశపడకండి. కట్ట మీద వాన పడితే పైపొర పాడైనా లోపలిది దక్కుతుంది. ముక్కల కుప్పకు ఆ రక్షణ ఉండదు. తడి లోపలికి దిగుతుంది, గాలి వీస్తే ముందు ఆకుపొడి ఎగిరిపోతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆ ఆకులోనే. వారం పది రోజులకు సరిపడా కొట్టుకుని, పైకప్పు కింద, మూడు వైపులా గోడ ఉన్న చోట పోసుకోవడం నయం.

కట్ట విప్పి చూడండి

ఈ పని మొత్తంలో తొందర అస్సలు పనికిరానిది ఇక్కడే. గడ్డి ముక్కలు కొట్టే మిల్లులోకి పోయాక ఏ కట్టలో ఏముందో ఎవరూ చెప్పలేరు.

మొదట తేమ. గుప్పెడు గడ్డి తీసి మెలిపెట్టండి. పుటుక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా వంగి, చేతికి చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. తేమ కొలిచే మీటరు ఉంటే కట్ట మధ్యలోకి గుచ్చి చూడండి, 15 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 దాటిన గడ్డి మిల్లులో చుట్టుకుంటుంది, కుప్పలో వేడెక్కుతుంది, బూజు పడుతుంది.

కొత్తగా కట్టిన గడ్డి అయితే వేడి కూడా చూడాలి. పచ్చి ఆరకుండా కట్టిన గడ్డి మొదటి ఆరు వారాల్లో తనంతట తానే వేడెక్కుతుంది. వామి లోపల 65 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే రోజూ రెండు మూడుసార్లు చూడాల్సిన స్థితి వచ్చినట్టు. 80 డిగ్రీలకు చేరితే లోపల ఎక్కడో నిప్పు రాజుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు కట్టలు లాగితే గాలి తగిలి భగ్గుమంటుంది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి పక్కన నిలబడేదాకా ముట్టుకోకండి. వామి మీదికి ఎక్కి నడవడం అంతకన్నా ప్రమాదం, కింద కాలి గుల్లబడిన చోట మనిషి కూరుకుపోతాడు.

తర్వాత బూజు. కట్ట విప్పగానే తెల్లటి దుమ్ము లేచినా, ముక్కిన వాసన వచ్చినా ఆ కట్టను పక్కన పెట్టండి. మంచి గడ్డిలో కలిపి కొడితే తెలియకుండా పోతుందిలే అనిపిస్తుంది. పశువుకూ తెలియకుండానే పోతుంది, ఇబ్బందంతా అందులోనే ఉంది. బూజు గడ్డి తిన్న చూడి పశువులు ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. ఆ దుమ్ము మనిషికీ మంచిది కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. మెడలో తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

కట్టలో చచ్చిన ఎలుక, పాము, పక్షి పిల్ల లాంటివి కనిపిస్తే దాన్ని తీసిపారేసి మిగతా గడ్డి వాడుకోవడం కాదు, ఆ కట్ట మొత్తం వదిలేయండి. కుళ్లిన కళేబరంలో బొట్యులిజం అనే, ఒళ్లు చచ్చుబడేలా చేసే విషం పుడుతుంది. మిల్లులో పడితే అది కుప్పంతా పాకి, ఒకే పూట చాలా పశువులను పడగొడుతుంది.

ప్లాస్టిక్ తాడు, వల కట్టలకు చుట్టి ఉంటే ముక్క మిగలకుండా లాగేయండి. ప్లాస్టిక్ అరగదు, కడుపులో ఏళ్ల తరబడి ఉండలు కడుతుంది. మిల్లు ఇరుసుకు చుట్టుకుంటే బేరింగు కాలి నిప్పు పుట్టడానికీ అదే కారణమవుతుంది. కోసిన తాళ్లన్నీ ఒక సంచిలో వేసి, ఎన్ని కట్టలు విప్పారో అన్ని తాళ్లూ సంచిలో ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి.

ఇనుప తీగ, మేకు ఇంకా ప్రమాదం. పొడుగు గడ్డిలో మేకు ఒకటే మేకు, మిల్లులో పడిన తీగ మాత్రం పది సూదులవుతుంది. ఆవు నమలకుండా మింగే జంతువు కాబట్టి అవి నేరుగా తేనెపట్టు గదుల్లాంటి రెండో పొట్టలోకి దిగుతాయి. అక్కణ్నుంచి గుండె సంచి దాకా గుచ్చుకుంటాయి. గడ్డి జారే దారిలో బలమైన అయస్కాంతం ఒకటి బిగించి, పని అయ్యాక రోజూ తుడవండి. దానికి ఏం అంటుకుందో చూస్తే మీ గడ్డి ఎలాంటి చోటు నుంచి వస్తోందో తెలుస్తుంది.

చొప్ప వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. వానలు మొహం చాటేసి వాడిపోయిన జొన్న, సజ్జ, మొక్కజొన్న పైర్లలో నైట్రేట్ పేరుకుంటుంది, అది ఎక్కువైతే పశువుకు విషం. పచ్చి జొన్నలో ఉండే సైనైడ్ విషం ఎండితే చాలావరకు పోతుంది, నైట్రేట్ మాత్రం ఎంత ఎండినా పోదు. అది ఎక్కువగా కాండం మొదట్లో ఉంటుంది. పొడుగు చొప్ప వేస్తే ఆ మొదళ్లను పశువు నమలలేక వదిలేస్తుంది, ముక్కలు కొడితే అవి కూడా తినేస్తుంది. కరువు చొప్ప అయితే నమూనా పరీక్ష చేయించాకే మిల్లులో వేయండి.

యంత్రం పెట్టే చోటు

వామి పక్కనే యంత్రం పెట్టడం సులువే, కానీ నిప్పు లేస్తే రెండూ పోతాయి. గాలి వామి వైపు నుంచి యంత్రం వైపు వీచేలా, వీలైనంత ఎడంగా పెట్టండి. దుమ్ము ట్రాక్టరు రేడియేటరు మీదికి కాకుండా అవతలకి పోవాలి. రేడియేటరు జాలీ మూసుకుపోతే ఇంజను కాగుతుంది, సైలెన్సరు మీద పేరుకున్న ఆకుపొడి అంటుకుంటుంది. మధ్య మధ్యలో ఆపి ఊడవండి. నీళ్ల డ్రమ్ము, మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉంచండి. పెనుగాలి రోజున పని మానుకోండి.

చాఫ్ కట్టర్ (కత్తుల చక్రంతో గడ్డి కోసే యంత్రం) అయితే కత్తుల పదును, కత్తికీ కింది పట్టీకీ మధ్య సందు చూడండి. మొద్దు కత్తి గడ్డిని కోయదు, నలిపి పీకుతుంది. డీజిలో కరెంటో ఎక్కువ తింటూ తక్కువ పని చేస్తుంది. సుత్తుల మిల్లు అయితే సుత్తుల అంచులు అరిగాయేమో చూసి తిప్పి బిగించండి. ఒక సుత్తి మారిస్తే దానికి ఎదురుగా ఉన్నది కూడా మార్చాలి, లేకపోతే బరువు సమం కాక మిల్లు అదిరిపోతుంది. జల్లెడకు చిరుగు ఉంటే దాన్ని సరిచేయందే మొదలుపెట్టొద్దు.

ముక్క ఎంత పొడవు ఉండాలి?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సన్నగా కొడితే బాగా అరుగుతుందని అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం.

పశువు పెద్ద పొట్టలో గడ్డిని అరిగించేది సూక్ష్మజీవులు. వాటికి పులుపు పడదు. ఆ పులుపును విరిచేది లాలాజలం. పెద్ద పాడి ఆవు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరిస్తుంది, కానీ నెమరు వేస్తేనే. నెమరు వేయాలంటే పొట్ట గోడకు గుచ్చుకునేంత పొడవు, గరుకుదనం గడ్డిలో ఉండాలి. పొడిలా కొట్టిన గడ్డి నెమరుకు రాదు, సగం అరిగీ అరగకుండా ముందుకు జారిపోతుంది. పొట్టలో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 కిందకు దిగితే పీచును అరిగించే సూక్ష్మజీవులు నీరసిస్తాయి. పాలలో వెన్న తగ్గుతుంది, పేడ పలచనవుతుంది, తర్వాత గిట్టలు నొస్తాయి.

అందుకని ఎక్కువ ముక్కలు 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండేలా, కొన్ని అంతకన్నా పొడవుగా ఉండేలా కొట్టండి. మిల్లు జల్లెడ రంధ్రం కొలతే ముక్క కొలత అనుకోవద్దు. సుత్తి దెబ్బకు చాలా ముక్కలు రంధ్రం కన్నా చిన్నవైపోతాయి, కొన్ని పొడుగు కాడలు నిలువుగా దూరి బయటపడతాయి. గడ్డి బాగా ఎండి ఉంటే ఇంకా పొడి అవుతుంది, అప్పుడు పెద్ద రంధ్రాల జల్లెడ వేయండి. మొదటి గంప కొట్టగానే ఆపి, తెల్లగుడ్డ మీద పరిచి చూడండి. గుప్పెడు తీసి పిసికితే అరచేతికి గుచ్చుకోవాలి. మెత్తగా, పొట్టులా తగిలితే జల్లెడ మార్చండి.

కొలత పక్కాగా కావాలంటే పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన అరల జల్లెడ పెట్టె ఉంది. పై అర రంధ్రాలు 19 మిల్లీమీటర్లు, దాని కిందివి 8. పాడి ఆవుల కలిపిన దాణాను అందులో పోసి ఊపితే పై అరలో 2–8 శాతం, రెండో అరలో 30–50 శాతం నిలవాలి. పై అరలో ఏమీ నిలవకపోతే మీరు మరీ సన్నగా కొడుతున్నట్టు.

యంత్రం నడిచేటప్పుడు

ట్రాక్టరు ఇంజను శక్తిని యంత్రానికి అందించే ఇరుసు, అంటే పీటీవో షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9. బట్ట అంచు చుట్టుకుందని మీకు తెలిసేలోపే మనిషిని లాగేసుకుంటుంది. షాఫ్ట్ మీద తొడుగు లేకుండా యంత్రం కదిలించొద్దు. వదులు బట్టలు, వేలాడే జడ, మెడలో తువ్వాలు ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. తిరిగే షాఫ్ట్‌ను ఎవరూ దాటకూడదు, చుట్టూ తిరిగి వెళ్లాలి.

గడ్డిని సమంగా, ఆపకుండా అందించండి. మోపంతా ఒక్కసారి తోస్తే ఇరుక్కుంటుంది. చాలా చేతులు పోయేది అలా ఇరుక్కున్నప్పుడే. చేత్తో లాగొద్దు, కాలితో తొక్కొద్దు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చక్రం పూర్తిగా నిలిచాక తీయండి. సుత్తుల మిల్లు ఆపాక కూడా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పై నుంచి గడ్డి పోసే టబ్ గ్రైండర్ రాళ్లను, కర్రముక్కలను బయటికి విసురుతుంది, దాని చుట్టూ ఎవరినీ నిలబడనీయకండి. పని లేనప్పుడు చాఫ్ కట్టర్ చక్రానికి తాళం వేయండి. చేత్తో తిప్పే యంత్రమైనా సరే, పిల్లలు ఆడుకుంటూ తిప్పితే వేళ్లు పోతాయి.

గింజలు తోలడం

ముందు ట్రాలీ ఊడ్చి కడగండి. నిన్న అందులో యూరియా తెచ్చి ఉంటే మూలల్లో మిగిలిన నాలుగు గుప్పిళ్లు కూడా పశువుకు విషమే. మందు పట్టించిన విత్తనాలు తెచ్చిన ట్రాలీ అయినా అంతే. రంగు పూసిన గింజ ఒక్కటి కనిపించినా ఆపి వెతకండి.

గింజల తేమ 13–14 శాతం లోపు ఉంటే నిల్వకు పనికొస్తాయి. చెయ్యి గాదెలోకి లోతుగా పెట్టండి. లోపల వెచ్చగా తగిలినా, గడ్డలు కట్టినా, పుల్లటి వాసన వచ్చినా తోలడం ఆపి, ఆ భాగం వేరు చేయండి. బూజు పట్టిన గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం మారు రూపంలో పాలలోకి కూడా దిగుతుంది.

ఇప్పుడు బరువు. ఒకే ట్రాలీలో గింజను బట్టి బరువు ఎంతగానో మారుతుంది. ఘనపు మీటరుకు గోధుమ సుమారు 770 కిలోలు, మొక్కజొన్న, జొన్న 720, బార్లీ 620, ఓట్స్ 410 తూగుతాయి. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 0.6 మీటరు లోతు ఉన్న ట్రాలీ అంచుల దాకా నింపితే ఓట్స్ 1.3 టన్నులు, గోధుమ 2.5 టన్నులు అవుతాయి. ఓట్స్ తోలిన ధైర్యంతో గోధుమ నింపారంటే టైర్లు, బ్రేకులు పట్టవు. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే నిండు ట్రాలీ బరువు ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు, వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటకూడదు. వెనక ఎక్కువ పోస్తే డ్రాబార్ (ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే కడ్డీ) పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు పోతుంది, కాబట్టి బరువు కాస్త ముందుకు ఉండేలా సర్దండి.

గాదెలోంచి గింజ జారుతున్నప్పుడు లోపలికి ఎవరూ దిగొద్దు. ఈ మాట ఇంట్లో అందరికీ, పనివాళ్లకూ విడివిడిగా చెప్పండి. కదిలే గింజల్లో నాలుగైదు సెకన్లలో కాళ్లు కదలకుండా బిగుసుకుపోతాయి, అరనిమిషంలోపే మనిషి మునిగిపోతాడు. పైన గట్టిపడిన పొర కింద బోలుగా ఉండొచ్చు, దాని మీద నిలబడొద్దు. గింజ ఆగిపోతే బయట నుంచి పొడుగు కర్రతో కదిలించండి. ట్రాలీలో గింజల మీద పిల్లలను కూర్చోబెట్టడం కూడా మానండి. కింది తలుపు తెరిచినప్పుడు అక్కడ కూడా ఇదే జరుగుతుంది. పురుగు కోసం అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టిన గింజలైతే గాలి పూర్తిగా ఆడి, చెప్పిన గడువు ముగిసేదాకా తోలవద్దు. ఆ గ్యాస్ ప్రాణాలు తీస్తుంది.

గింజ ఎక్కించే మర గొట్టం పైకెత్తి ఉండగా దాన్ని చోటు మార్చొద్దు. దించాకే కదిలించాలి, కరెంటు తీగలు ఎక్కడున్నాయో పగటిపూటే చూసి పెట్టుకోవాలి. ట్రాలీ ఎత్తి కుమ్మరించేటప్పుడు కూడా తీగలు చూడండి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి, ఒక చక్రం దిగబడితే ఎత్తిన ట్రాలీ పక్కకు పడుతుంది. ఊత పెట్టనిదే దాని కిందకు తల పెట్టొద్దు.

దారిలో పట్టా బిగించి కప్పండి. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేయండి. పల్లం దిగేముందే చిన్న గేరులోకి మారండి, మధ్యలో మార్చబోతే గేరు పడక బండి జారుతుంది. దించాక కింద ఒలికిన గింజలు అదే పూట ఊడ్చేయండి. కట్టు తెంచుకున్న పశువుకు ఆ కుప్ప దొరికితే కడుపు ఉబ్బి, పులిసి, తెల్లారేసరికి చచ్చిపోవచ్చు.

కలిపి పెట్టడం

గింజలను పిండి చేయకండి, రెండు మూడు చెక్కలుగా పగిలితే చాలు. పిండి పొట్టలో త్వరగా పులుస్తుంది. ముక్కల గడ్డిని శుభ్రమైన నేల మీద జానెడు మందాన పరిచి, పైన నూక చల్లండి. ఉప్పు, ఖనిజ లవణాలను ముందుగా కొంచెం నూకలో కలిపి, ఆ నూకను మొత్తం మీద చల్లితే సమంగా పడుతుంది. నీళ్లో, బెల్లపు మడ్డి కలిపిన నీళ్లో చిలకరించి, పారతో ఒక చివర నుంచి మరో చివరకు మూడుసార్లు తిరగేయండి. దుమ్ము అణుగుతుంది, నూక గడ్డికి అంటుకుంటుంది. తడిపినది ఆ రోజే పెట్టేయాలి.

పొడుగు గడ్డికి అలవాటైన పశువులకు కొత్త మేతను రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుతూ రండి. గింజ పాలు పెంచేటప్పుడు ఇంకా నిదానించాలి. ఆ రోజుల్లో పొద్దున్నే గాడి అడుగు చూడండి. కాడలన్నీ మిగిలి నూక మాయమైందంటే పశువు ఇంకా ఏరుతున్నట్టు, ముక్క కాస్త చిన్నది చేయండి లేదా చిలకరింపు పెంచండి. మధ్యాహ్నం పడుకున్న పశువుల్లో సగమైనా నెమరు వేస్తూ ఉండాలి. నెమరు తగ్గి, పేడ పలచబడి నురగగా ఉంటే గింజ సగానికి తగ్గించి, ముక్కలు కొట్టని మంచి గడ్డి విడిగా పెట్టండి. మేత ముట్టకుండా, ఎడమ డొక్క ఉబ్బి, పళ్లు కొరుకుతూ నిలబడిన పశువు కనిపిస్తే ఆ పూట గింజ పూర్తిగా ఆపి, పశువైద్యుణ్ని వెంటనే పిలవండి.